వాడిన కొయ్యసామాను కొనుటయందలి పొదుపు

"కొత్త యొక వింత, పాత యొక రోత" అని మన పెద్దలు లోకుల స్వభావమును గూర్చి చెప్పిరి. గృహోపకరణముల విషయమున ఈ సామెత మిక్కిలి నిజము. క్రొత్తగా కాపురము పెట్టువారును, పిల్లల చదువునకై పట్టణమునకు వచ్చి అద్దెయింట దిగువారును, అంగడిలో నిగనిగలాడు బల్లలను కుర్చీలను జూచి ముచ్చటపడి, చేతిలో రొక్కము లేకున్నను నెలవాయిదాలమీద కొనుచున్నారు. బల్ల యింటికి వచ్చిన దినమున సంతోషము. వాయిదా చెల్లింపవలసిన ప్రతి నెలయు విచారము. కుమారుని పరీక్షరుసుమునకై దాచిన సొమ్ము ఈ వాయిదాల పాలగుట మేము కొన్ని యిండ్లలో చూచియున్నాము. అట్టివారికి వాడిన సామాను గొప్ప సహాయము. అయితే చవకగా దొరకినదెల్ల పొదుపు కాదు. వస్తువు నెఱిగి కొనుటయే పొదుపు. ఈ సంగతినే ఇచ్చట కొంచెము వివరింతుము.

ఇది మాకు సులభముగా తెలియలేదు. కొంతకాలము క్రిందట మేమొక పాతసామాను అంగడిలో వార్నీషుతో అద్దమువలె మెఱయుచున్న మంచము నొకదానిని చూచితిమి. ఏ కఱ్ఱయని అడుగగా టేకనిరి. దానిని తిరగవేసి చూడక, బేరమాడుటయే నేర్పని తలంచి కొంటిమి. మూడు మాసములు గడువకమునుపే ప్రతి ఉదయమును మంచముక్రింద పిండివంటి సన్నని పొడి రాలజొచ్చెను. వడ్రంగిని పిలిపింపగా అతడు ఉలితో ఒక కోడును గీకి చూచి, "అయ్యగారూ, పైన రంగే టేకండి, లోపల కాదు" అనెను. రెండు కోళ్లు పుప్పి పట్టి డొల్లలై యుండెను. ఆ మంచము తుదకు వంటచెఱకైనది. ఆ వడ్రంగి నాడు మాకు నేర్పిన పాఠమే ఈ వ్యాసమునకు మూలము.

మొదటిది కఱ్ఱ పరీక్ష. మ్రాను నడిమి ముదురుభాగమును చేవ యందురు. బెరడు నంటియుండు లేతరంగు భాగమునకు చేవ లేదు. పిండిపదార్థము ఆ లేతభాగమునందే యుండుటచేత పుప్పిపురుగు దానినే తొలుచును. టేకు చేవయందు సహజమైన నూనెయును, టెక్టోక్వినోన్ అను పదార్థమును ఉండుటవలన చెదలు దానిని త్వరగా ముట్టవు. కావున బల్లను కొనునప్పుడు పైభాగమును చూచుట చాలదు. దానిని తిరగవేసి, రంగు పూయని అడుగుభాగమును చూడవలెను. సొరుగును బయటకు లాగి దాని వెనుకతట్టును చూడవలెను. అచ్చట కఱ్ఱ నిజరూపము కనబడును. గోటితో నొక్కిన దిగబడు కఱ్ఱయు, తట్టిన డొల్లమ్రోత మ్రోగు కఱ్ఱయు పనికిరావు.

పాతసామానునందు మేలైన కఱ్ఱ దొరకుటకు కారణము కలదు. గోదావరి తీరపు అడవులలోను ఆదిలాబాదు అడవులలోను పెరిగిన టేకుగాక, పూర్వము బర్మానుండియు టేకు ఓడలమీద మన దేశమునకు వచ్చుచుండెను. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు ఆ రాకకు గొప్ప ఆటంకము కలిగెను. మ్యాన్మారు అని పేరు మాఱిన ఆ దేశము 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి దుంగల యెగుమతిని నిషేధించెను. కావున నేడు క్రొత్తగా కొనుటకు భారమైన కఱ్ఱ, తాతలనాటి బల్లలోను బీరువాలోను మనకు సరసమైన వెలకు దొరకవచ్చును. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు ఇట్టి సామానునకు పేరుపొందినది. జుమ్మేరాత్ అనగా గురువారము. ఆ దినముననే అచ్చట సంత కూడును. బదిలీయై పోవు ఉద్యోగుల యిండ్లలోను, వేలములలోను కూడ మంచి వస్తువులు దొరకును.

రెండవది కూర్పు పరీక్ష. మంచి వడ్రంగి ఒక కఱ్ఱకొనను సన్నగా కుసి చెక్కి, మఱియొక కఱ్ఱకు తొలిచిన బెజ్జములో దానిని బిగించును. అట్టి కూర్పు వదులైనను మరల బిగింపవచ్చును. మేకులతో మాత్రమే కొట్టిన కూర్పు ఒకసారి వదలినచో మరల నిలుచుట కష్టము. కుర్చీని కొనకముందు దానిపై కూర్చుండి ఇటు నటు కదలి చూడుడు. బల్ల నాలుగు కాళ్లును నేలను సమముగా తాకుచున్నవేమో చూడుడు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో పూర్వము తఱచుగా కనబడిన వంపుకఱ్ఱ కుర్చీని మీలో కొందఱు చూచియుందురు. ఆ తీరు కుర్చీని 1859లో మైకేల్ థోనెట్ అను వడ్రంగి కల్పించెను. కఱ్ఱను ఆవిరిపట్టి వంచి, ఆరు ముక్కలను పది మరచీలలతోను రెండు మరబిళ్లలతోను బిగించుటయే దాని నిర్మాణము. విప్పుటకును, పాడైన ముక్కను మార్చుటకును వీలుండుటచేత అట్టి కుర్చీలు చిరకాలము పనిచేసినవి. బాగుచేయుటకు వీలైన వస్తువే పాతదైనను కొనదగినది.

మూడవది ఆరోగ్య పరీక్ష. పాత మంచముల సందులలో నల్లులుండును. అవి ఆహారము లేకయే నెలలతరబడి బ్రదుకగలవు. కాబట్టి మంచమును ఇంటిలోనికి తేకముందే వాకిట సందులన్నిటిలో సలసల కాగిన నీరు పోసి, మండుటెండలో ఆరనియ్యవలెను. వాడిన పరుపులను కొనకుండుటయే మేలు. పాతరంగు విషయమునను జాగ్రత్త యవసరము. పూర్వపు రంగులలో సీసము కలియుచుండెను. ఇంటిరంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకంటె ఎక్కువ సీసము ఉండరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు 1వ తేదీనుండియే అమలులోనికి వచ్చినది. కాబట్టి రంగు పెచ్చులూడుచున్న ఉయ్యాలను గాని చిన్నబల్లను గాని పసిపిల్లల కొఱకు కొనరాదు. అట్టి రంగును ఇంటిలో పొడిగా గీకరాదు. ఆ ధూళి పిల్లల మెదడునకు హాని చేయును.

నాలుగవది లెక్క. విద్యార్థులారా, పలకమీద వేసి చూడుడు. ఒక పాత టేకుబల్ల వెల రూ. 2,500 అనుకొందము. బండికూలి రూ. 300, వడ్రంగికూలి రూ. 700, పాలిషునకు రూ. 500, మొత్తము రూ. 4,000. కఱ్ఱపొడిని జిగురుతో కలిపి అదిమిన పలకలతో చేసిన క్రొత్తబల్ల వెల రూ. 5,000 అనుకొందము. అట్టి పలక నీరు తగిలిన ఉబ్బును; ఒకసారి ఊడిన మరచీల అందులో మరల పట్టు నిలుపదు. అది 5 సంవత్సరములును, టేకుబల్ల 20 సంవత్సరములును నిలిచినచో, మొదటిదానికి ఏటికి రూ. 1,000, రెండవదానికి ఏటికి రూ. 200 మాత్రమే పడును. అయితే బండికూలియు మరమ్మతుఖర్చును చేర్చక అంగడివాడు చెప్పిన ధరనే చూచువాడు మోసపోవును. ఆ ఖర్చులు కలిపిన పిమ్మట క్రొత్తదాని వెలకు సమానమగు వస్తువును విడిచిపెట్టుడు. అవసరము లేని వస్తువు ఎంత చవకయైనను దండుగయే.

తుదకు ధర్మమును గూర్చి ఒకమాట. కష్టములోనున్న కుటుంబము తన సామాను నమ్ముకొనునప్పుడు, వారి అక్కఱను కనిపెట్టి అన్యాయపు వెలకు లాగుకొనుట పొదుపు కాదు, దోపిడి. తగిన వెల యిచ్చి కొనుడు. నమ్మశక్యము కాని తక్కువ ధరకు, ఎక్కడిదో చెప్పని వస్తువును కొనకుడు. దొంగసొమ్ము ఇంటికి మేలు చేయదు.

పాతబల్ల యింటనుండుట చిన్నతనమని కొందఱు బాలురు సిగ్గుపడుదురు. అప్పుచేసి తెచ్చిన క్రొత్తబల్లకంటె, రొక్కమిచ్చి కొని, తండ్రియు కుమారుడును కలిసి గరుకుకాగితముతో రుద్ది నునుపుచేసికొన్న పాతబల్ల గౌరవమైనది. మన ప్రభువు వడ్రంగి యింట పెరిగినవాడు; కఱ్ఱపని చేయు చేతులను చూచి సిగ్గుపడువాడు ఆయన శిష్యుడు కాజాలడు. తల్లిదండ్రులారా, బల్లమీద మిగిలిన వెయ్యిరూపాయలను మరల వేఱొక వేడుకకు ఖర్చుచేయక, బిడ్డల పుస్తకములకును రుసుములకును వేఱుగా దాచియుంచుడు. బల్ల పాతదైనను దానిమీద నేర్చిన విద్య యెన్నటికిని పాతబడదు.