కబురు వచ్చిన దారి: మనవరాలికి తాతయ్య లేఖ

వాట్సాప్‌లో వచ్చిన కబురును చాలామంది పంపిన మనిషిని చూసి నమ్ముతారు. మేనత్త పంపిన వీడియో అంటే మేనత్త చెప్పినట్టే లెక్క. అది ఎక్కడిదో, ఎప్పటిదో ఆవిడకూ తెలియకపోవచ్చు. చేతులు మారేకొద్దీ ఆ వివరాలు రాలిపోయి, బంధువు పేరొక్కటే పైన మిగులుతుంది.

2018 వేసవిలో తెలుగునాట ఈ నమ్మకమే ప్రాణాలు తీసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు ఊరూరా పాకాయి. కొత్త మొహం కనిపిస్తే చాలు, జనం మీదపడ్డారు. మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జోగుళాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లలోకి పంపి, పాటలతో, ముఖాముఖి మాటలతో ఆ పుకార్లను ఎదుర్కొన్నారు. ఎంతో తెలివైన పని అది. ఎదురుగా నిలబడ్డ మనిషిని ‘నీకెలా తెలుసు?’ అని అడగవచ్చు, ఫార్వర్డ్‌ను అడగలేరు.

ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, బాగా చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్ ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది. ఆ గుర్తు కనిపిస్తే, పంపినవారిది కాని మాట అని గ్రహించాలి.

వీడియో కాల్‌ది మరో తీరు. పోలీసులమంటూ, ఫోన్‌లోనే అరెస్టు చేశామంటూ బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ మోసగాళ్లు మామూలు ఫోన్‌తో మొదలుపెట్టి వీడియోలోకి లాగుతారు. ఖాకీ యూనిఫాం, వెనక స్టేషన్‌లాంటి గది కంటికి కనిపించేసరికి చదువుకున్నవాళ్లూ బెదిరిపోతారు. కాల్ కట్ చేయొద్దు, ఇంట్లో చెప్పొద్దు అన్న షరతే వాళ్ల అసలు ఆయుధం. పక్కవాళ్లను ఒక్కమాట అడిగితే మోసం అక్కడే బయటపడుతుంది. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనేలేదు. కాల్ కట్ చేసి, ఇంట్లో చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు పోయినా ఎంత త్వరగా చెబితే అంత మేలు.

ఇక ఇంటి గ్రూపులో పెద్దవాళ్లెవరైనా తప్పుడు కబురు పెడితే, పదిమంది ముందు దిద్దడం వల్ల వాళ్లు చిన్నబుచ్చుకుని ఆ మాటకే కట్టుబడతారు. విడిగా ఫోన్ చేసి ‘అత్తయ్యా, ఇది పాత వీడియో అట’ అంటే గొంతులోని మర్యాద వినిపిస్తుంది. పెట్టిన మెసేజ్‌ను ఎవరికీ కనిపించకుండా తీసేయడానికి రెండు రోజులకు పైగానే గడువుంటుంది. ఆ పని ఆవిడ చేతులతోనే జరగనివ్వాలి.