పది పరీక్షలు అయిపోయాయి, మావాడు పన్నెండైనా లేవడు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు ఏప్రిల్ మొదట్లోనే అయిపోయాయి. రాత్రి రెండింటిదాకా ఫోను, పగలు పన్నెండింటికి లేవడం. కాలేజీలు జూన్‌లో గానీ తెరవరు. ఇప్పుడే కోచింగ్‌లో చేర్పించమంటున్నారు అందరూ. చేర్పించమంటారా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఏడాదంతా స్టడీ అవర్లకి పరుగెత్తిన పిల్లవాడు. ముందు ఓ పది రోజులు కంటినిండా పడుకోనివ్వండి. ఈ వయసుకి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర తెప్పించే మెలటోనిన్ కూడా టీనేజీలో రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అందుకని కాస్త పొద్దెక్కి లేస్తే బద్ధకమనకండి. రెండింటిదాకా మేలుకోవడం మాత్రం ఫోను పుణ్యమే. రాత్రి పదిన్నరకల్లా ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో పెట్టేయండి, మీవీ కలిపి.

తర్వాత చేతికి నిజమైన పని ఇవ్వండి. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయిని అమ్మమ్మగారింటికి పంపమన్నాను. ఆవకాయ పెట్టే రోజు, తాతయ్య కొట్టిన మామిడి ముక్కల్లోంచి జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచాడట. ఆ పూటంతా ఫోను ముట్టుకోలేదని వాళ్లమ్మ సంబరపడింది. బ్యాంకు పనులకీ పంపండి. పదేళ్లు దాటితే సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చు. ఈత నేర్పించండి, నేర్పేవాళ్లు పక్కనున్న చోటే. స్నేహితులతో కాలువకి మాత్రం పంపొద్దు. ప్రతి వేసవిలో ఆ కడుపుకోతలు పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఎంపీసీనా, బైపీసీనా అన్నది ఫలితాలొచ్చేలోపు ఓ సాయంత్రం వాణ్ణే అడగండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి.