పాలు ఎన్ని? పాలు ఎంత?
ఇంగ్లీషు నామవాచకాల గురించి నాలుగు మాటలు



దాదాపు 30 ఏళ్లుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి నోటుబుక్కులో "ది మిల్క్ ఆర్ హాట్" అని రాసింది. ఎర్ర సిరాతో "ఆర్" కొట్టేసి "ఈజ్" అని రాశాను. ఆమె లేచి, "టీచర్, పాలు కాగాయి అంటాం గదా, కాగింది అనం గదా?" అని అడిగింది. "ఇంగ్లీషులో అంతే, కూర్చో" అన్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్లీ ప్రశ్న అడగలేదు. ఆమె అడిగింది సరైన ప్రశ్న. జవాబు చెప్పలేకపోయింది నేను. ఆ జవాబే ఈ వ్యాసం.

మనిషి, ఊరు, వస్తువు, గుణం మొదలైన వాటి పేర్లను నామవాచకాలు అంటాం. తెలుగులో పాలు, నీళ్లు రూపంలోనే బహువచనాలు. అందుకే "నీళ్లు ఉన్నాయి", "పాలు విరిగాయి" అంటాం. "బియ్యం" చివర "లు" లేకపోయినా "బియ్యం అయిపోయాయి" అనే అంటాం. "నీళ్లు ఎన్ని పోయాలి?" అని అడుగుతాం.

ఇంగ్లీషు ముందుగా వేరే సంగతి చూస్తుంది. ఈ వస్తువును ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలమా లేదా? బుక్, చెయిర్, బాయ్ లెక్కకు వస్తాయి. వాటికి ముందు "ఎ" పెట్టవచ్చు, చివర "ఎస్" చేర్చవచ్చు, "హౌ మెనీ" అని అడగవచ్చు. మిల్క్, వాటర్, రైస్ రాశిగా ఉంటాయి, లెక్కకు రావు. వాటికి మామూలుగా "ఎ" ఉండదు, "ఎస్" ఉండదు, క్రియ ఏకవచనంలో ఉంటుంది, ప్రశ్న "హౌ మచ్" అవుతుంది. లెక్క కావాలంటే పాత్రను లెక్కపెట్టాలి: "టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్". ఇక్కడ బహువచనం గ్లాసుకు వచ్చింది, పాలకు రాలేదు.

కంటికి కనబడని వాటిలోనే మన పిల్లలు ఎక్కువగా తడబడతారు. మనం రెండు సలహాలు ఇస్తాం, కాబట్టి పిల్లవాడు "టూ అడ్వైసెస్" అని రాస్తాడు. "టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్" అనాలి. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, హోంవర్క్ కూడా ఈ జాతివే. ఉద్యోగ దరఖాస్తులో "ఇన్ఫర్మేషన్స్" అని కనబడితే చదివేవారు అక్కడే ఆగిపోతారు. పిల్లవాడి తెలివి ఎంతటిదైనా ఆ ఒక్క అక్షరం అడ్డు తగులుతుంది.

దీనికి తలకిందులుగా ఉండేవీ ఉన్నాయి. మనకు కత్తెర ఒకటే, కళ్లజోడు ఒకటే. ఇంగ్లీషులో సిజర్స్, స్పెక్టకిల్స్ బహువచనాలు. రెండు అలుగులు, రెండు అద్దాలు గదా, అందుకని "ది సిజర్స్ ఆర్ షార్ప్" అనాలి.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఉర్దూ మాట్లాడే ఇంట్లో "దూధ్ ఫట్ గయా" అంటాం. అది ఏకవచనం. "కిత్నా దూధ్" అని అడుగుతాం. అంటే ఆ పిల్లకు కావలసిన జవాబు వాళ్లమ్మ నోటిలోనే ఉంది! నేను ఎత్తి చూపించాల్సింది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. అరబీలో "ఖబర్" అంటే ఒక వార్త, "అఖ్బార్" దాని బహువచనం. ఉర్దూలో మాత్రం అఖ్బార్ అంటే ఒక పత్రిక. ఇంగ్లీషు "న్యూస్" కూడా అంతే. చివర "ఎస్" ఉన్నా "ది న్యూస్ ఈజ్ గుడ్" అనాలి. "నవాబ్" అనే మాట "నాయిబ్"కు బహువచనం, గౌరవార్థంగా ఒక్కరికే వాడారు. "మేగజీన్" అనే ఇంగ్లీషు మాట అరబీ "మఖాజిన్" నుంచి వచ్చింది. అది గిడ్డంగి అనే అర్థమున్న "మఖ్జన్"కు బహువచనం. ఇంగ్లీషు దాన్ని ఏకవచనం చేసుకుని, మళ్లీ "ఎస్" చేర్చి మేగజీన్స్ అంటోంది. అరబీలో "కితాబ్" లోపల మారి "కుతుబ్" అయినట్లే ఇంగ్లీషులో "మ్యాన్" లోపల మారి "మెన్" అవుతుంది. అరబీ చదివే పిల్లలకు ఇలా చెబితే మరచిపోరు.

తెలుగు కూడా సాయం చేస్తుంది. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అని చాలామంది పెద్దలు కూడా అంటారు. "నా స్నేహితుల్లో ఒకడు" అని మనసులో అనుకుంటే బహువచనం దానంతటదే వస్తుంది: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్". పది రూపాయల నోటు దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ ఇంగ్లీషులో "టెన్ రుపీ నోట్" అని ఏకవచనమే.

చివరగా ఒక మాట. "చారిటీ" అంటే దానగుణం అన్న అర్థంలో దానికి లెక్క లేదు, బహువచనం లేదు. సేవా సంస్థలు అన్న అర్థంలో "చారిటీస్" అని లెక్కపెట్టవచ్చు. మాట ఒకటే, అర్థాన్ని బట్టి వ్యాకరణం మారింది.

దాతలకు నా విన్నపం ఇంతే. మీరు ఫీజు కట్టి చదివిస్తున్న పిల్లలు మీ ఎదుట ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే నవ్వకండి. "అలా ఎందుకన్నావమ్మా?" అని అడగండి. చాలాసార్లు ఆ తప్పు వెనుక మన భాషలోని ఒప్పు ఉంటుంది. అది దొరికితే మిగతా పాఠం సులువు. నేను ఇప్పుడు ఎర్ర సిరా తీసే ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను.