మచ్చపడ్డ మంచం - కొంత రసాయన శాస్త్రం

మంచానికి పాలిష్ పెట్టడంలో సైన్సు ఏముందని మిత్రులు నవ్వవచ్చును. మనం లాబొరేటరీలో మార్కుల కోసం చదివే ద్రావణీయత, ఆక్సీకరణం, సబ్బు తయారయ్యే చర్య, ఈ మూడూ ఆ ఒక్క పనిలోనే ఉన్నాయి. అవి తెలియక మంచి కట్టెను పాడుచేసుకుంటున్నాం.

మా బల్మూరుకు నల్లమల దగ్గర. నాయనమ్మ పెండ్లినాడు ఆమె వెంట వచ్చిన టేకు పట్టెమంచం మా ఇంట్లో ఉంది. ఈనాడు అంత చేవగల టేకు కొనాలంటే రైతు ఒక పంట డబ్బు లెక్క చూసుకోవాలె. అయినా నల్లబడ్డదని అటువంటి వాటిని కట్టెల ధరకు అమ్మి, చెక్కపొడి అతికించిన పలకల మంచాలు కొంటున్నారు. వానకు ఇల్లు కురిస్తే ఆ పలక ఉబ్బి మరలు పట్టు వదులుతాయి. మా ఇంట్లోనూ అమ్మే మాట వచ్చింది. "మా నాయన పెట్టిన అరణం అది, నేను పోయినంక అమ్ముకోండి" అన్నది నాయనమ్మ. దానితో ఆ పని మా మీద పడ్డది.

గీకుడు మొదలుపెట్టే ముందు మచ్చ ఎక్కడున్నదో చూడాలె. వేడి గ్లాసు పెట్టినచోట పడే తెల్లని వలయం పైపూతలోనిది. పూతలోకి తేమ చొరబడి వెలుతురును చెదరగొడుతుంది, అంతే. గుడ్డకు రవ్వంత స్పిరిట్ అద్ది పైపైన తుడిస్తే చాలాసార్లు పోతుంది. ఇంతదానికి మంచమంతా గీకనవసరం లేదు.

నల్లమచ్చ వేరు. అది కట్టెలోపలిది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవారు గదా. కరక్కాయలో టానిన్, అన్నభేదిలో ఇనుము. టేకు, మద్ది వంటి కట్టెల్లోనూ టానిన్లు ఉంటాయి. ఇనుప మేకు తడిస్తే మంచమే సిరా చేసుకుంటుంది! ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా ఇది పోదు, చేవ అరిగిపోతుంది. దీనికి ఆక్సాలిక్ ఆమ్లం కావాలె. పైపూత తీసిన తర్వాత, లీటరు వేడినీళ్లకు సుమారు 80 గ్రాములు ప్లాస్టిక్ గిన్నెలో కలిపి, మచ్చ మీద మాత్రమే గాక ఆ పలకంతా పూయాలె, లేకపోతే అక్కడొక తెల్లచారిక నిలుస్తుంది. ఆమ్లం ఇనుమును కరిగే రూపంలోకి మారుస్తుంది. ఆరినంక రెండు మూడుసార్లు మంచినీటితో కడగాలె. ఇది విషం. చేతులకు తొడుగులు ఉండాలె, పిల్లలకు, పశువులకు అందరాదు. కడగకముందే రుద్దితే ఆ పొడి ముక్కులోకి పోతుంది. మా మంచం కోడు దగ్గర రెండుసార్లు పూసినా చిన్న నల్లచుక్క మిగిలింది. ఉండనిమ్మని వదిలేశాం.

ఇక పైపూత ఏదో తెలుసుకోవడం. కోడు లోపలివైపు స్పిరిట్ అద్దిన దూది కాసేపు ఉంచండి. జిగటగా మెత్తబడితే అది లక్క. మోదుగ, రేగు చెట్ల మీద బతికే పురుగు ఇచ్చేదే ఈ లక్క. నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. 2020లో కరోనా నాడు శానిటైజర్ చుక్కలు పడి బల్లల పాలిష్ లేచిపోవడానికి ఇదే కారణం. లక్కయితే స్పిరిట్‌తోనే తుడిచి తీయవచ్చును, గీకుడు పనే లేదు.

మెత్తబడకపోతే ఎనామిల్ రంగో, వార్నిషో, ఈ కాలపు మెలమైన్ వంటిదో అయి ఉంటుంది. పాత రంగయితే జాగ్రత్త! ఇంటి రంగుల్లో సీసం పదిలక్షలకు 90 భాగాలు దాటరాదనే నిబంధన మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందటి రంగులో సీసం ఉండవచ్చును. దాన్ని పొడిగా రుద్దినా, మంటతో కాల్చినా సీసం ఊపిరిలోకి పోతుంది, పసిపిల్లల మెదడుకు చేటు. తడిపి గీకి, పెచ్చులు కాగితం మీద పట్టి మూటగట్టాలె. డైక్లోరోమీథేన్ కలిసిన రంగుతీసే మందులు మూసిన గదిలో ప్రాణాంతకం. ఒంట్లోకి పోయిన ఆ ద్రవం కొంత కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. అమెరికాలో 2019లో వీటిని ఇండ్లలో వాడేవారికి అమ్మరాదన్నారు.

కాస్టిక్ సోడా చౌక గదా అంటారు. నూనె రంగును అది సబ్బుగా మార్చి తీస్తుంది, నిజమే. కాని టేకును నల్లబరుస్తుంది, నార లేపుతుంది, పాత అతుకుల్లోని వజ్రం జిగురును వదులు చేస్తుంది. మా పక్క ఊళ్లో ఒకరి బీరువా తలుపు ఇట్లాగే కీళ్లు ఊడి వచ్చింది.

కట్టె బాగా ఆరినంక నార వెంట, ఎన్నడూ అడ్డంగా కాదు, సన్న ఉప్పుకాగితం పట్టాలె. లీటరు స్పిరిట్‌కు సుమారు 200 గ్రాముల లక్క రాత్రంతా నానబెట్టి వడగట్టండి. దూదిని పాతధోవతి గుడ్డలో చుట్టి పలుచగా, పూత మీద పూత వేయాలె. దగ్గర దీపం, బీడీ ఉండరాదు. ముసురులో వేస్తే పూత తెల్లబారుతుంది, కాబట్టి ఎండాకాలం పని ఇది, మాకైతే కోతలయినంక. లక్క వద్దనుకుంటే మరిగించిన అవిసెనూనె పూయవచ్చును. కాని ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూలకు వేయకూడదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని నిప్పు అంటుకోగలదు. విడిగా పరచి బయట ఆరేయండి. మంచం మీద పరుపు వేయడానికి కనీసం వారం ఆగాలె.