పసిపిల్లలకు సోయా మజ్జిగ పట్టవచ్చా? – తల్లులు తెలుసుకోవలసిన విషయాలు



పిల్లల వార్డులో మేము చూసిన ఒక సంగతితో ఈ పాఠం మొదలుపెడతాము. పది నెలల బాబుకు ఆవుపాలు, గేదెపాలు పడవని డాక్టరుగారు అంతకుముందే చెప్పారు. తల్లి సోయా గింజలు రుబ్బి, బాగా కాచి ఆ పాలను చెంచాలతో పట్టింది. బాబుకు ఏమీ కాలేదు. కొన్నాళ్లకు అమ్మమ్మగారు మనవడి మీద ప్రేమతో ఆ సోయాపాలను తోడుపెట్టి, పలుచని మజ్జిగ చేసి నాలుగు చెంచాలు పట్టారు. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు. "సోయాయే కదమ్మా, పాలు ముట్టించనే లేదు" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

తప్పు సోయాలో లేదు, తోడులో ఉంది. సోయాపాలలో వేసిన ఆ ఒక్క చెంచా పెరుగు గేదెపాలతో చేసినదే. పాలు పడని బిడ్డకు ఆ చెంచాలో ఉన్న పాల మాంసకృత్తులు చాలు. బాబు కోలుకుని ఇంటికి వెళ్లాడు. ఆ అమ్మమ్మగారిలాగా మరొకరు బాధపడకూడదని ఇది రాస్తున్నాము.

సోయా మజ్జిగ అంటే ఏమిటి?

సోయా చిక్కుడు గింజలను నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచి తీసినవి సోయాపాలు. వాటిని తోడుపెడితే సోయా పెరుగు అవుతుంది. అందులో నీళ్లు కలిపి చిలికితే సోయా మజ్జిగ. సోయాలో మంచి మాంసకృత్తులు ఉన్నాయి. కడుపు ఉబ్బరం తెచ్చే కొన్ని చక్కెరలు పులిసినప్పుడు కొంత తగ్గుతాయి. అయితే పులిసినంత మాత్రాన సోయా ఎలర్జీ పోదు. సోయా పడని బిడ్డకు సోయా పెరుగు కూడా పడదు.

ఏ వయసులో ఎంత?

1. ఆరు నెలలు నిండే వరకు: తల్లిపాలు మాత్రమే. మంచినీళ్లు కూడా వద్దు. సోయాపాలు గాని, మజ్జిగ గాని తల్లిపాలకు బదులు కావు. తల్లిపాలు లేని బిడ్డకు ఏమి పట్టాలో డాక్టరుగారే చెప్పాలి. శిశువుల కోసం తయారుచేసిన సోయా డబ్బాపాలు వేరు, ఇంట్లో కాచిన సోయాపాలు వేరు.

2. ఆరు నెలల నుండి ఏడాది వరకు: జావ, మెత్తని పప్పన్నం, కూరగాయలు, గుడ్డు వంటి అనుబంధాహారం అలవాటైన తరువాత, సోయా పెరుగు కొన్ని చెంచాలు ఆ ఆహారంలో భాగంగా పెట్టవచ్చు. గ్లాసులతో పట్టకూడదు. పలుచని మజ్జిగతో చిన్న కడుపు నిండిపోతే బిడ్డ తల్లిపాలు, అన్నం రెండూ మానేస్తుంది, బరువు తగ్గుతుంది.

3. ఏడాది దాటిన తరువాత: అరకప్పు వరకు తాగించవచ్చు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించండి. ఇంట్లో చేసిన సోయాపాలలో కాల్షియం తక్కువ, విటమిన్ బి12 ఉండదు. పాలు అసలు పడని పిల్లలకు ఇవి కలిపిన, చక్కెర వేయని సోయాపాలు ఏవి కొనాలో మమ్మల్ని అడగండి.

చేసే పద్ధతి

గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొట్టు తీసి రుబ్బాలి. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. అందుకే బాగా కాచడం ముఖ్యం. సోయాపాలు మరగక ముందే నురగ పొంగుతుంది. పొంగింది కదా అని దించేయకండి. మంట తగ్గించి, కలుపుతూ మరో 15 నుండి 20 నిమిషాలు మరిగించండి. గోరువెచ్చగా అయ్యాక తోడు వేయండి. పాలు పడని బిడ్డ కోసమైతే ఇంట్లోని పెరుగు తోడు వేయకూడదు. పెరుగు తీసిన గరిటెను కూడా అందులో ముంచకూడదు. కొన్న సోయా పెరుగైతే పాల పదార్థాలు లేవని పొట్లం మీద చదివి తీసుకోండి.

తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్క రోజులో వాడేయండి. ఫ్రిజ్ లేని ఇళ్లలో, ముఖ్యంగా ఎండాకాలంలో, పసిబిడ్డకు దీనిని పెట్టకపోవడమే మేలు. ఉప్పు, పంచదార కలపవద్దు. ఏడాది లోపు తేనె అసలే వద్దు. పాలసీసా వాడకండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుని, మరిగే నీటిలో కడిగిన గిన్నె, చెంచాతో పెట్టండి. ఉగ్గుగిన్నెతో గొంతులో పోయవద్దు.

మొదటిసారి పెట్టేటప్పుడు

బిడ్డకు జ్వరం, విరేచనాలు లేని రోజున, ఉదయం పూట పెట్టండి. పొద్దున పెడితే పగలంతా బిడ్డను గమనించే వీలుంటుంది. మొదటి రోజు ఒక్క చిన్న చెంచా. బాగుంటే మర్నాడు రెండు. ఆ మూడు రోజులు మరే కొత్త ఆహారం మొదలుపెట్టవద్దు.

వీరు ముందుగా డాక్టరుగారిని అడగాలి

• పాలు లేదా మరేదైనా ఆహారం పడని పిల్లలు, ఒంటి మీద తీవ్రమైన గజ్జి ఉన్నవారు
• నెలలు నిండక పుట్టినవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు
• థైరాయిడ్ మందు వాడే పిల్లలు. సోయా వల్ల ఆ మందు ఒంటికి సరిగా పట్టదు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు "పాలు పడటంలేదు" అని ఎవరో చెప్పగానే తల్లిపాలు మాన్పించి సోయా మజ్జిగ పట్టవద్దు. తల్లిపాలు ఇస్తూనే ఓ.ఆర్.ఎస్. పట్టండి, ఆసుపత్రికి తీసుకురండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

పెదవులు, ముఖం వాయడం, ఊపిరి ఆడకపోవడం, ఒంటి నిండా దద్దుర్లతోపాటు వాంతులు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. కొందరు పిల్లలకు తిన్న ఒకటి నుండి నాలుగు గంటల తరువాత ఆగకుండా వాంతులై, పాలిపోయి, వేలాడిపోతారు. ఇది కూడా ఎలర్జీయే. దిష్టి తగిలిందని ఇంట్లో ఉంచుకోకండి. బిడ్డ ఏమి తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది, తోడు దేనితో వేశారు అన్నది మాకు చెప్పండి. దాచవద్దు. మేము ఎవరినీ కోప్పడము.

తల్లులు పనికి వెళ్లినప్పుడు బిడ్డను చూసేది ఇంట్లోని పెద్దలే. కాబట్టి ఈ పాఠాన్ని తల్లి ఒక్కతే చదివితే చాలదు. ఇంట్లో బిడ్డకు గిన్నె పట్టే ప్రతి ఒక్కరికీ దీనిని చదివి వినిపించండి.