ఘాట్ దిగే లెక్క

గాజువాక,
విశాఖపట్నం.

చిరంజీవి అల్లుడికి, మేనమామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు కొన్న ఇసుజు వీ-క్రాస్ వెనక క్యాంపింగ్ ట్రైలర్ తగిలించి, కార్తీకం వెళ్లేలోగా పిల్లల్ని అరకు తీసుకెళ్లాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన జాబితా కూడా చూశాను. పవర్ పెంచే చిప్, ముందు గార్డు, ఎత్తు పెంచే కిట్, పెద్ద టైర్లు, పైన లైట్ల బారు. అందులో బ్రేకు అన్న మాట ఒక్కచోటా లేదు. అందుకే ఫోన్‌లో తేల్చేయకుండా ఉత్తరం రాస్తున్నాను. స్టీల్ ప్లాంటు నుంచి రేవుకి వైర్‌రాడ్ కాయిళ్లు తోలే ట్రైలర్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట వింటావని ఆశ.

ముందు పవర్ సంగతి. మన శ్రీసిటీలో తయారయ్యే ఆ బండి 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్ 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. టన్ను బరువున్న ట్రైలర్‌ని అనంతగిరి ఘాట్ ఎక్కించడానికి అది చాలు. మెల్లగా ఎక్కుతుంది, ఎక్కనీ. చిప్ పెట్టిస్తే క్లచ్చి మీదా టర్బో మీదా వేడి పెరుగుతుంది, వారంటీ గొడవ మొదలవుతుంది. అరకు చేరేసరికి మిగిలేది ఓ పావుగంట. ఆ పావుగంటకి అంత ఖర్చెందుకు?

అసలు లెక్క తిరుగు ప్రయాణంలో ఉంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం చూశావు కదా. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. శిమిలిగూడ స్టేషను దగ్గర సుమారు 996 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. అక్కడ ఖాళీ వ్యాగన్లు కొండెక్కుతాయి, నిండు వ్యాగన్లు కొండ దిగుతాయి. అన్ని వేల టన్నుల్ని బొడ్డవర దాకా అదుపులో దించడమే ఆ లైనులో పెద్ద పని. నీ ప్రయాణమూ అదే కొండ మీద, అదే వాలులో.

కాగితం తీసి నువ్వే లెక్క కట్టు. బండి, మనుషులు, సామాను, ట్రైలర్ కలిపి 3,500 కిలోలనుకుందాం. 900 మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 31 మెగాజౌళ్లు. మామూలు నీళ్లు 100 లీటర్లు తెర్లే దాకా కాచగల వేడి అది. గాలి, టైర్లు, ఇంజన్ కొంత తీసుకుంటాయి. గేరు సాయం లేకుండా పెడల్ మీదే దిగితే మిగతాదంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. ట్రైలర్ లేకపోతే ఆ లెక్క 70 లీటర్లకి దిగుతుంది. అంటే ట్రైలర్ తెచ్చే ఆ అదనపు వేడిని ట్రైలరే భరించాలి, దానికి సొంత బ్రేకులుండాలి. యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 750 కిలోలు దాటితే బ్రేకులు లేని ట్రైలర్‌ని రోడ్డెక్కనివ్వరు.

ట్రైలర్ బ్రేకులు రెండు రకాలు. బండి నెమ్మదించగానే వెనకనుంచి ట్రైలర్ నెట్టే నెట్టుడుకే బ్రేకు పట్టేది ఒకటి, దీన్ని ఓవర్‌రన్ అంటారు. డ్రైవరు దగ్గర కంట్రోలర్ పెట్టి కరెంటుతో పట్టించేది రెండోది. కొండ దారులకి రెండోదే నా ఓటు, ఎందుకంటే ట్రైలర్ బ్రేకుని విడిగా చేత్తో పట్టించవచ్చు. దానితోపాటు బ్రేక్‌అవే స్విచ్ ఉండాలి. కప్లింగ్ ఊడితే దాని తీగ లాగుకుని ట్రైలర్ తనంతట తానే ఆగుతుంది. ఆ తీగని సేఫ్టీ చైన్లకి కాకుండా విడిగా బండికే కట్టు. చైన్లు రెండూ కప్లింగ్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వెయ్యి. కప్లింగ్ జారినా ముక్కు రోడ్డు మీద పొడవకుండా చైన్ల మీద ఆగుతుంది.

రెండో పని కాటా. రేవు చుట్టూ, గాజువాకలో వేబ్రిడ్జిలకి కొదవ లేదు. మంచాలు, గ్యాసు, నీళ్లు, పిల్లల సైకిళ్లు, అన్నీ ఎక్కించి ట్రైలర్‌ని కాటా వేయించు. అమ్మినవాడు చెప్పిన బరువు ఖాళీ బరువు. లీటరు నీళ్లంటే కిలో, కాబట్టి ట్యాంకు 100 లీటర్లయితే 100 కిలోలు. సగం నింపిన ట్యాంకు ఇంకా ప్రమాదం, మలుపుల్లో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. నింపితే పూర్తిగా నింపు, లేకపోతే ఖాళీ చేసి అరకులో పట్టుకో.

ట్రైలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు ముందున్న హిచ్ బాల్ మీద పడాలి. అంతకంటే బాగా తగ్గితే, అంటే సామాను వెనక్కి పేరిస్తే, వేగం పెరగగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. బరువైన సామాను ఇరుసు మీద, కాస్త ముందుకి ఉండాలి. ట్రైలర్ సమతలంగా నిలబడాలి. నీ జాబితాలోని ఎత్తు పెంచే కిట్ ఇక్కడే దెబ్బ తీస్తుంది. బండి లేస్తే ట్రైలర్ ముక్కూ లేస్తుంది, బాల్ మీద బరువు తగ్గుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బాల్ బండి వెనక ఇరుసుకి ఇంకా మీటరుకి పైగా వెనక ఉంటుంది. అందుకని బాల్ మీద 100 కిలోలు పడితే వెనక ఇరుసు మీద పడేది 140 దాటుతుంది, ముందు చక్రాల మీంచి 40కి పైగా లేచిపోతుంది. స్టీరింగు తేలికైపోయిందని మలుపులో తెలుస్తుంది. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేదే బండి మోయగల బరువు. బాల్ మీది బరువూ, మనుషులూ, సామానూ అన్నీ అందులోంచే పోవాలి. ఆస్ట్రేలియాలో ఇదే బండి, డీ-మ్యాక్స్ పేరుతో, మూడున్నర టన్నులు లాగుతుందని నువ్వు చెప్పావు. నిజమే, అది అక్కడి మూడు లీటర్ల ఇంజన్‌కి, అక్కడి హిచ్‌కి, అక్కడి బ్రేకులున్న ట్రైలర్‌కి ఇచ్చిన అంకె. దాన్ని ఇక్కడికి మోసుకు రాకు. కంపెనీ వాళ్ల దగ్గర నీ మోడల్‌కి ఎంతో రాతలో అడుగు.

ఆటోనగర్‌లో ఎవరైనా వెనక రెండు కమాన్ పట్టీలు వేసేస్తే సరిపోతుందంటారు. పట్టీ వేస్తే వెనక భాగం కుంగదు, అంతే. ఇరుసూ చాసిసూ బ్రేకులూ పాతవే కాబట్టి మోయగల బరువు కిలో కూడా పెరగదు. కుంగడం ఆగింది కదా అని ఇంకా ఎక్కిస్తాం, చిక్కంతా అదే. హిచ్ మాత్రం బంపరుకి తగిలించేది వద్దు. చాసిస్‌కి బోల్టులతో బిగించేదే, ఎంత బరువుకి పనికొస్తుందో ప్లేటు మీద రాసున్నదే కొను. చాసిస్ మీద వెల్డింగ్ పెట్టనీకు, ఆ వేడికి ఇనుము బలం పోతుంది. బోల్టు తల మీద 8.8 గానీ 10.9 గానీ ఉందో లేదో చూసుకో.

టైర్లు పెద్దవి వద్దు, సరైనవి కావాలి. చక్రం పెరిగితే బ్రేకు పట్టు తగ్గుతుంది. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, నిలబడి పోతాయి. టైరు పక్కన నాలుగంకెలు చదువు. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. మన ఊరి సముద్రపు గాలికి హబ్ బేరింగులు, లైట్ల ప్లగ్గు పిన్నులు తొందరగా తుప్పు పడతాయి. వర్షాకాలం దాటగానే హబ్బులు విప్పించి గ్రీజు మార్పించు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే వేడికి తొందరగా మరిగి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్పించడం తప్పనిసరి అనుకో.

చట్టం సంగతి టూకీగా. బండిలో కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్పులు కుదరవని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ముందు గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని నంబరు ట్రైలర్ పక్కన, లాగే బండి నంబరు ట్రైలర్ వెనక కనబడాలి. అందుకని షెడ్డులో వెల్డింగ్ చేయించే ట్రైలర్ జోలికి పోకు, ఆమోదం ఉన్నదే కొను. ఇన్సూరెన్స్ పాలసీలో ట్రైలర్ ప్రస్తావన ఉందో లేదో డబ్బు కట్టే ముందే చదువు.

ఇక తోలడం. ఏ గేరులో ఘాట్ ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లని చూసి నేర్చుకోకు. బ్రేకు మీద కాలు అలా ఆనించి ఉంచకు. గట్టిగా తొక్కి వేగం తగ్గించు, వదిలెయ్యి, చల్లారనీ. కాలిన వాసన వస్తే చోటు చూసి ఆపు, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టు, చల్లారాకే కదులు. ట్రైలర్ ఊగితే కంగారుపడి బ్రేకు తొక్కకు, స్టీరింగుతో సరిచేయబోకు. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగు నిలకడగా పట్టుకో, ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో మెల్లగా పట్టించు. రివర్స్ చేసేటప్పుడు చెయ్యి స్టీరింగు అడుగున పెట్టు, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. రేవులో 40 అడుగుల ట్రైలర్‌ని వెనక్కి పెట్టడం సులువు, అది నిదానంగా తిరుగుతుంది. నీ పొట్టి ట్రైలర్ రెప్పపాటులో మడత పడుతుంది. ఖాళీ మైదానంలో నేర్చుకున్నాకే రోడ్డెక్కు.

కాబట్టి డబ్బు పెట్టే వరస ఇది: ట్రైలర్ బ్రేకులు, హిచ్, టైర్లు, బండి బ్రేకుల సర్వీసు, పక్కకి వెడల్పుగా జరిగే అద్దాలు. ఆ తర్వాత మిగిలితే లైట్లు. మొదటి ప్రయాణం పిల్లలు లేకుండా భీమిలి దాకా వెళ్లిరా. రెండోది నిండు బరువుతో శృంగవరపుకోట దాటి కాస్త ఘాట్ ఎక్కి, దిగి రా. రెండూ కుదిరాకే అరకు. కార్తీకం దాటిపోతుందని బెంగ పెట్టుకోకు, పుష్యంలో చలి ఇంకా బాగుంటుంది. కొనే ముందు ఆర్‌సీ, ట్రైలర్ కాగితాలు పట్టుకుని ఓ ఆదివారం రా. మనిద్దరం కాటా దగ్గరికి వెళ్దాం. అక్కడ వచ్చిన అంకె సరిపోతే నేనే దగ్గరుండి తగిలిస్తాను. సరిపోకపోతే ఇంకా చిన్న ట్రైలర్ చూద్దాం.

అమ్మాయికీ పిల్లలకీ నా ఆశీస్సులు. మీ అత్త అందర్నీ అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య