పరిశోధనకు ధనం ఎట్లా లభిస్తుంది?

అమెరికా విశ్వవిద్యాలయాలకు ఉన్నత విద్యకై వచ్చిన తెలుగు విద్యార్థులలో అనేకులు ‘రీసెర్చి అసిస్టెంట్‌షిప్’ మీద చదువుకొన్నవారే. ఆ వేతనాన్ని విశ్వవిద్యాలయం తన బొక్కసం నుంచి ఇచ్చిందని స్వదేశంలోని బంధువులు భావిస్తూ ఉంటారు. వాస్తవానికి చాలా సందర్భాలలో అది ఒక ఆచార్యుడు ఏదో ఒక ప్రభుత్వ సంస్థకు వ్రాసి పంపిన ప్రతిపాదన ఫలితం. ప్రతిపాదన నెగ్గితే విద్యార్థికి వేతనం, ప్రయోగశాలకు పరికరాలు సమకూరుతాయి. నెగ్గకపోతే ఆ ప్రశ్న కాగితం మీదనే నిలిచిపోవచ్చు. ఇంతటి నిర్ణయాన్ని ఎవరు, ఏ ప్రాతిపదిక మీద చేస్తారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం ఈ దేశంలో విశ్వవిద్యాలయ పరిశోధన చాలవరకు దాతల నిధుల మీద, విశ్వవిద్యాలయాల సొంత వనరుల మీద ఆధారపడి ఉండేది. యుద్ధకాలంలో రాడార్, పెనిసిలిన్ వంటి విజయాలు ప్రభుత్వానికీ శాస్త్రజ్ఞులకూ మధ్య కొత్త సంబంధాన్ని ఏర్పరచాయి. శాంతికాలంలోనూ ప్రభుత్వం మౌలిక పరిశోధనను పోషించాలని వానెవార్ బుష్ 1945లో ‘సైన్స్, ది ఎండ్‌లెస్ ఫ్రాంటియర్’ అనే నివేదికలో ప్రతిపాదించాడు. అందుకై కాంగ్రెసు ఆమోదించిన బిల్లును 1947లో అధ్యక్షుడు ట్రూమన్ తిరస్కరించాడు. సంస్థ అధిపతిని నియమించే అధికారం దేశాధ్యక్షునికి లేకపోతే, ప్రజాధనానికి ప్రజలకు జవాబు చెప్పేదెవరన్నది ఆయన అభ్యంతరం. ఆ లోపాన్ని సవరించిన తరువాత 1950 మే 10న ఆయన సంతకంతో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అవతరించింది. శాస్త్రజ్ఞుని స్వేచ్ఛ ఒక వంక, ప్రజాధనానికి జవాబుదారీతనం మరొక వంక. గ్రాంటుల విధానమంతా ఈ రెంటి మధ్య సమతుల్యం కోసం జరిగిన ప్రయత్నమే.

ఆహ్వానం, ప్రతిపాదన

వైద్య పరిశోధనకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఉంది. ఇంధన, రక్షణ శాఖలకు తమ తమ పద్ధతులున్నాయి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌నే ఉదాహరణగా తీసుకొందాం. ఇక్కడ ప్రతిపాదనలు రెండు మార్గాలలో వస్తాయి. మొదటి మార్గంలో సంస్థయే ఒక అంశాన్ని నిర్దేశించి, అర్హతలు, గడువు, నిధి వివరాలు ప్రకటించి ఆహ్వానిస్తుంది. రెండవ మార్గంలో పరిశోధకుడు తన ప్రశ్నను తానే ఎన్నుకొని తగిన విభాగానికి పంపుకొంటాడు.

దీనిని టెండరుతో పోల్చడం సరికాదు. టెండరులో ప్రభుత్వం తనకు కావలసిన వస్తువును కొంటుంది. వంతెన కావాలంటే వంతెన అందాలి. గ్రాంటులో ఇంకా ఎవరికీ తెలియని సమాధానం కోసం ధనం వెచ్చిస్తుంది. ఆ సమాధానం ప్రతికూలంగా వచ్చినా పరిశోధకుడు మాట తప్పినట్లు కాదు. కనుకనే ప్రతిపాదనలో ప్రశ్న ఎంత స్పష్టంగా ఉన్నదనేది ముఖ్యం. ఏమి తెలుసుకోదలచారు, ఇంతవరకు తెలిసినదేమిటి, ఏ ప్రయోగాలు చేస్తారు, మొదటి ఆలోచన ఫలించకపోతే ప్రత్యామ్నాయం ఏమిటి అనే విషయాలను సాధారణంగా 15 పుటలలో ఇమడ్చాలి. ఖర్చుల పట్టిక వేరుగా జతపరచాలి. గ్రాంటును స్వీకరించి లెక్కలు అప్పగించేది సాధారణంగా పరిశోధకుడు కాదు, అతడు పనిచేసే విద్యాసంస్థ.

పరీక్ష

వచ్చిన ప్రతిపాదనను ప్రోగ్రాం అధికారి అదే రంగంలోని ఇతర శాస్త్రజ్ఞుల పరిశీలనకు పంపుతాడు. దరఖాస్తుదారుని గురువులు, శిష్యులు, సహోద్యోగులు, ఇటీవల కలిసి పరిశోధన చేసినవారు ఇందుకు అనర్హులు. సమీక్షకులు రెండు విషయాలను తూచుతారు: శాస్త్రీయ యోగ్యత, సమాజానికి కలిగే విస్తృత ప్రయోజనం. ఈ రెండు ప్రమాణాలు 1997లో ఏర్పడ్డాయి. సమీక్షకుల అభిప్రాయాలు సలహాలు మాత్రమే. వాటిని బేరీజు వేసి సిఫారసు చేయవలసిన బాధ్యత ప్రోగ్రాం అధికారిది, ఆమోదముద్ర ఆపై అధికారులది. ఈ తంతు ముగియడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. నెగ్గినా నెగ్గకపోయినా సమీక్షకుల వ్యాఖ్యలు, వారి పేర్లు లేకుండా, దరఖాస్తుదారునికి అందుతాయి. 2021లో ఈ సంస్థ 40,000కు పైగా ప్రతిపాదనలను పరిష్కరించగా, వాటిలో ఇంచుమించు నాలుగింట ఒకటి మాత్రమే నెగ్గింది.

తీర్పు ఎంతవరకు సరియైనది?

1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రజ్ఞుడు యెల్లోస్టోన్ ఉష్ణగుండాలలో జీవులు ఎట్లా బ్రతుకుతున్నాయో పరిశీలించడానికి ఈ సంస్థ ధనసహాయం చేసింది. వేడినీటి సూక్ష్మజీవులతో లోకానికేమి పని అని ఎవరైనా అడిగి ఉండవచ్చు. 1966లో అక్కడ దొరికిన ‘థెర్మస్ అక్వాటికస్’ అనే బాక్టీరియా నుంచి, వేడికి చెడిపోని ఎంజైము లభించింది. డి.ఎన్.ఎ.ను కోట్ల ప్రతులుగా పెంచే పి.సి.ఆర్. పద్ధతికి అదే ఆయువుపట్టయింది. ఆ పద్ధతిని కనుగొన్న కేరీ మల్లిస్‌కు 1993లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కటలిన్ కరికో. మెసెంజర్ ఆర్.ఎన్.ఎ.ను చికిత్సకు వినియోగించవచ్చునన్న ఆమె ప్రతిపాదనలు 1990లలో పదే పదే తిరస్కరింపబడ్డాయి. ఆమె పట్టు విడువలేదు. డ్రూ వైస్‌మన్‌తో కలిసి చేసిన పరిశోధనకు 2023లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో కోవిడ్ విజృంభించినప్పుడు వ్యాధిని గుర్తించిన పరీక్షకు మూలం ఆదరణ పొందిన ప్రశ్న; ఆ సంవత్సరాంతంలో వచ్చిన ఫైజర్, మోడెర్నా టీకాలకు మూలం నిరాదరణకు గురియైన ప్రశ్న.

తోటివారి పరీక్ష లోపభూయిష్ఠమైన పనిని వడగట్టడంలో సమర్థమైనదే. అయితే పోటీ తీవ్రమైనప్పుడు సమీక్షకులు సాహసం కన్న భద్రతనే ఎన్నుకొంటారు. దీనికి విరుగుడుగా, అపరిపక్వమైనా ఆశాజనకమైన ఆలోచనలకు బయటి సమీక్ష లేకుండానే చిన్న గ్రాంటులిచ్చే ‘ఈగర్’ పద్ధతి 2009లో మొదలైంది. రాజకీయ నిర్ణయాల ప్రభావమూ లేకపోలేదు. 2025లో ఈ సంస్థ అప్పటికే మంజూరైన గ్రాంటులను వేయికి పైగా రద్దు చేయడంతో వివాదం న్యాయస్థానాలకెక్కింది. ట్రూమన్ నాటి ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

మన యువతకు రెండు మాటలు. అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు ఈ సంస్థ 1952 నుంచి గ్రాడ్యుయేట్ ఫెలోషిప్పులు ఇస్తున్నది. పరిశోధన చేయదలచినవారు దరఖాస్తు గురించి డిగ్రీ చివరి సంవత్సరానికి ముందే ఆలోచించడం మంచిది. తిరస్కరణ లేఖ వస్తే దానితో పాటు వచ్చిన సమీక్షలను పదిమార్లు చదివి, ప్రశ్నను పదునుపెట్టి మళ్ళీ పంపాలి. తక్కినవారమూ ప్రేక్షకులం కాము. ఏ గ్రాంటు ఎవరికి, ఎంత మొత్తం, ఏ ప్రశ్నకు దక్కిందో సంస్థ బహిరంగంగా ప్రకటిస్తుంది. మనం కట్టే పన్నులలో కొంత భాగం ఏ ప్రశ్నలకు వెచ్చిస్తున్నారో, ఆసక్తి ఉన్న ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు.